సముద్రం పక్క కొండదారుల్లో కుక్కతో నడక: దారి ఎలా ఎంచుకోవాలి?

సాగరిక
అందరికీ నమస్కారం. మా బ్రూనో లాబ్రడార్, మూడేళ్లవాడు, ముప్పై కిలోలు ఉంటాడు. పొద్దునా సాయంత్రం నడక అలవాటే గానీ ఇప్పటిదాకా చదును రోడ్లూ పార్కులే. ఇక మీదట సముద్రం ఒడ్డు కొండదారుల్లోకి తీసుకెళ్లాలని ఉంది. నెట్‌లో వెతికితే ‘పెట్ ఫ్రెండ్లీ ట్రెయిల్’ అని రాసి నాలుగు ఫొటోలు పెట్టిన పేజీలే దొరుకుతున్నాయి. ఆ దారిలో నీడ ఉందా, మెట్లు ఎలా ఉన్నాయి, మధ్యలో వెనక్కి రావాల్సి వస్తే ఎలా, ఇవేవీ ఉండవు. కుక్కతో వెళ్లే అలవాటున్నవాళ్లు ఏం చూసి దారి ఎంచుకుంటారో చెప్పండి. లీష్, అదే మనం పట్టుకునే తాడు, విప్పొచ్చా? నీళ్లు ఎన్ని మోసుకెళ్లాలి? సముద్రంలో దిగనివ్వొచ్చా? వాడు నీళ్లు కనిపిస్తే ఆగడు. అదే నా టెన్షన్.

కొండగాలి
సాగరిక గారూ, బోర్డు మీద అనుమతి ఉందని రాసినంత మాత్రాన ఆ దారి మీ కుక్కకు సరిపడుతుందని కాదు. అది మనమే చూసుకోవాలి. నేను ముందు చూసేది నేల. గట్టి మట్టి, పొట్టి గడ్డి అయితే హాయి. అలలు తడిపే రాళ్ల మీద గుల్లలు అతుక్కుని ఉంటాయి, అవి కత్తుల్లా పాదాలను కోస్తాయి. పొడి ఇసుకలో ఎక్కువసేపు నడిస్తే కాళ్లు కూరుకుపోయి భుజాల మీద భారం పడుతుంది. ఇనుప జాలీ మెట్లున్న దారులు కొన్ని ఉంటాయి. మన బూట్లకు ఏమీ తెలియదు గానీ కుక్క గోళ్లు ఆ కన్నాల్లో ఇరుక్కుంటాయి, చాలా కుక్కలు అసలు అడుగే వేయవు. నిచ్చెనలు, ఎక్కి దాటాల్సిన కంచెలు ఉన్నాయేమో కనుక్కోండి. ముప్పై కిలోల బ్రూనోను ఎత్తి దాటించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

తర్వాత నీడ. సముద్రం వైపు కొండల మీద ఉప్పుగాలికి పెద్ద చెట్లు నిలవవు, పొదలే ఉంటాయి. ఫొటోల్లో పచ్చగా కనిపించే దారి చాలాసార్లు మోకాలెత్తు పచ్చదనమే. శాటిలైట్ మ్యాప్ తెరిచి దారి పొడవునా జూమ్ చేసి చూడండి, చెట్ల గుంపులు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. రోడ్డుకు కలిసే పక్కదారులు కూడా అందులోనే దొరుకుతాయి. రెండు మూడు కిలోమీటర్లకొకటి అలాంటిది ఉన్న దారే మొదట ఎంచుకోండి.

అన్నిటికన్నా భయపడాల్సింది కొండ అంచు. కెరటాలు కింద నుంచి కొండను తినేస్తూ ఉంటాయి. పైన గడ్డి మాత్రం ఏమీ ఎరగనట్టు ముందుకు చాచుకుని ఉంటుంది, దాని కింద శూన్యం. వానలు పడ్డాక ఇంకా ప్రమాదం. కుక్కకు అంచు గురించి ఆలోచన ఉండదు, ఎదుట ఒక పక్షి ఎగిరితే దాని వెంట పోవడమే. అంచు కనిపించే చోట లీష్ విప్పే మాటే లేదు. కుక్కను లోపలి నేల వైపు నడిపించండి. ఎప్పుడైనా ఎవరి కుక్కయినా జారి పడితే వెనకే దిగకండి. కుక్క కోసం దిగి ప్రాణాల మీదికి తెచ్చుకున్న మనుషులు చాలామంది. కోస్ట్‌గార్డ్‌కో అత్యవసర నంబరుకో ఫోన్ చేసి, పడిన చోటు గుర్తుపెట్టుకుని పైనే ఉండాలి.

మూగనేస్తం
పశువైద్యురాలిని. ఎండ గురించీ ఉప్పునీటి గురించీ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే తీరంలో ఈ రెండూ కలిసి వస్తాయి.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే ప్రాణాపాయమే. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దానికి ప్రధానమైన మార్గం. ఆ తడి ఆరినప్పుడే వేడి బయటికి పోతుంది. సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, తడి త్వరగా ఆరదు, కాబట్టి ఎంత రొప్పినా ఫలితం తక్కువ. మనకేమో చల్లగాలి తగులుతూ హాయిగా ఉంటుంది. కుక్కకూ హాయిగానే ఉందనుకుంటాం. అక్కడే దెబ్బతింటారు.

నాలుక వెడల్పుగా సాగి బాగా ఎర్రబడడం, చొంగ చిక్కగా కారడం, ఆగినా రొప్పు తగ్గకపోవడం, నీడ కనిపిస్తే వెళ్లి పడుకుని లేవనని మొరాయించడం, ఇవి మొదటి గుర్తులు. తూలడం, వాంతి మొదలయ్యాయంటే ఆలస్యమైనట్టే. అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరండి. చల్లటి నీళ్లు పోస్తే హాని అని పాత నమ్మకం ఒకటి ఉంది, పట్టించుకోవద్దు. తాగే నీళ్లు తక్కువుంటే ఒంటి మీదికి సముద్రపు నీళ్లయినా సరే. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే వేడెక్కి ఆవిరిని ఆపేస్తుంది.

ఇక ఉప్పునీళ్లు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాహానికి తాగకపోయినా, బంతి విసిరితే నోరు తెరిచి పట్టుకున్న ప్రతిసారీ ఒక గుక్క లోపలికి పోతుంది. ఆ ఉప్పు పేగుల్లోకి నీళ్లను లాగి విరేచనాలు పట్టిస్తుంది. ఇంకా ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల్లోంచి నీరు బయటికి పోతుంది. తూలడం, ఫిట్స్ వస్తాయి. బ్రూనోను తీరానికి తీసుకెళ్లే ముందే కడుపునిండా మంచినీళ్లు తాగించండి. ఆడుతున్నంతసేపూ పావుగంటకోసారి పిలిచి మళ్లీ పట్టండి. బంతి బదులు పలచటి బిళ్లలాంటి బొమ్మ విసిరితే నోరు అంతగా తెరవదు, మింగే నీళ్లు తగ్గుతాయి. పొడి ఇసుకలో బంతాట వద్దు, ఇసుక మింగి పేగు మూసుకుపోయిన కేసులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఇంట్లో ఉన్న రోజే కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ముప్పై కిలోల కుక్కకు ఒకటిన్నర లీటరు పైమాటే. కొండ ఎక్కే రోజు అంతకన్నా ఎక్కువ. రెండు గంటల నడకైనా ఒకటిన్నర లీటరు దాని కోసమే విడిగా పెట్టుకోండి, మీది కాక.

రవితీరం
డాక్టర్ గారూ, ఇసుక వేడి సంగతి? మా దగ్గర పదకొండింటికే చెప్పుల్లేకుండా నిలబడలేం.

మూగనేస్తం
రవి గారూ, అరచేతి వెనక భాగం ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచండి. మీకు కష్టంగా ఉంటే దాని పాదాలకూ కష్టమే. పొడి ఇసుక గాలికన్నా చాలా వేడెక్కుతుంది. అలలు తడిపిన మేర నడిపిస్తే ఆ బాధ లేదు. అయితే పార్కింగ్ నుంచి అక్కడిదాకా దాటాల్సిన పొడి ఇసుక ఉంటుందని మరచిపోకండి, పాదాలు కాలేది ఎక్కువగా ఆ కాస్త దూరంలోనే, అదీ తిరిగి వచ్చేటప్పుడు.

పోటుగడియ
ఓడల మీద పనిచేసినవాణ్ని. పైన అందరూ మంచి మాటలు చెప్పారు గానీ ఆటుపోట్ల ప్రస్తావన రాలేదు. సముద్రం పక్క దారికి సగం నిర్ణయం అక్కడే ఉంది.

చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పోయిన ఆదివారం తొమ్మిదింటికి వెళ్తే తీరం ఖాళీగా ఉందని ఈ ఆదివారం తొమ్మిదింటికి వెళ్లారనుకోండి, అదే చోట నడుములోతు నీళ్లు ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎత్తుకు వస్తుంది, బాగా కిందికీ తీస్తుంది. అష్టమి ప్రాంతాల్లో ఆ తేడా తక్కువ.

నీరు ఒకే వేగంతో ఎక్కదు. రోజుకు రెండు పోట్లు వచ్చే చోట ఆరు గంటల్లో ఆరు మీటర్లు ఎక్కాలనుకుందాం. మొదటి గంటలో అర మీటరే ఎక్కుతుంది. రెండో గంటలో ఒక మీటరు. మూడూ నాలుగూ గంటల్లో ఒకటిన్నర చొప్పున మూడు మీటర్లు వచ్చేస్తుంది. తర్వాత మళ్లీ నెమ్మదిస్తుంది. మొదటి గంట చూసి ‘ఇంకా టైముందిలే’ అనుకున్నవాళ్లు మూడో గంటలో చిక్కుకుంటారు. రెండు కొండముక్కుల మధ్య చిన్న ఇసుక తీరం ఉంటుంది చూడండి, అందం చూసి అందరూ దిగేది అక్కడికే. నీళ్లు ముందు మూసేది రెండు చివరలనీ. మనిషైతే రాళ్లు పట్టుకుని ఎలాగో పైకి పాకుతాడు. కుక్క పాకలేదు.

కాబట్టి పోటు పూర్తయి నీరు దిగడం మొదలయ్యాక బయల్దేరండి, పూర్తిగా తీసేలోపే వెనక్కి తిరగండి. ఆ ఊరి టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళల పట్టిక, తేదీతో సహా చూసుకోండి. ఒడ్డు వైపు గట్టిగా గాలి వీస్తుంటే టేబుల్‌లో ఉన్నదానికన్నా నీరు ఎక్కువ ఎత్తుకు వస్తుంది.

బ్రూనో నీళ్లలోకి దూకుతాడన్నారు. ఒకవేళ ప్రవాహం లోపలికి లాగితే మీరు దిగకండి. అల తగ్గి ఉన్న వైపు, అది సులువుగా బయటికి రాగల చోటుకు ఒడ్డు వెంబడి వెళ్లి, పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. కుక్క మీ గొంతు వైపే ఈదుతుంది. చాలాసార్లు అదే బయటపడుతుంది, దాని కోసం దిగిన మనిషే మునిగిపోతాడు.

సాగరిక
పోటుగడియ గారూ, మూడో గంట సంగతి ఎక్కడా చదవలేదు. చాలా థాంక్స్ అండీ.

పరుగు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇంత భయపెడితే ఎవరూ వెళ్లరేమో. మా షెర్రీకి పిలిస్తే వచ్చేలా చిన్నప్పటి నుంచీ బాగా నేర్పాం. ఖాళీ తీరంలో లీష్ విప్పితే అది పరుగెత్తే పరుగు చూడాలి, ఆ సంతోషం కట్టేసి నడిపిస్తే రాదు. కుక్కకు వాసన చూసుకుంటూ తన ఇష్టప్రకారం తిరిగే కాస్త సమయం ఉండాలి. మనుషులు లేని వేళ చూసి విప్పితే తప్పేముంది?

ఉల్లంకి
పరుగు గారూ, షెర్రీ సంతోషం నాకూ అర్థమవుతుంది, మాకూ రెండున్నాయి. కానీ మనుషులు లేనంత మాత్రాన తీరం ఖాళీ కాదు. ప్లవర్ లాంటి చిన్న తీరపు పక్షులు గూడు కట్టవు. ఇసుకలో గిన్నెంత గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, మీద నల్లటి చుక్కలు. అడుగు దూరంలో నిలబడి వేలు పెట్టి చూపించినా చాలామందికి కనిపించవు. కుక్క తొక్కకపోయినా సరే, అటుగా పరుగెత్తితే తల్లి లేచిపోతుంది. ఎండలో గుడ్లు అలా కాసేపుంటే లోపల పిల్ల చచ్చిపోతుంది. అమెరికా పడమటి తీరంలో స్నోవీ ప్లవర్‌ను 1993లో ముప్పులో ఉన్న పక్షిగా ప్రకటించారు. గుడ్లు పెట్టే మార్చి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చాలా బీచుల్లో కుక్కల మీద ఆంక్షలున్నది అందుకే. ఇంగ్లండ్‌లో ఓపెన్ యాక్సెస్ భూముల్లో, అంటే ఎవరైనా నడిచే హక్కున్న చోట్ల, మార్చి 1 నుంచి జూలై 31 వరకు రెండు మీటర్లకు మించని లీష్ తప్పనిసరి. పశువులున్న చోట ఏడాది పొడవునా.

గూళ్ల కాలం కాకపోయినా వలస పక్షులుంటాయి. 2022లో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అలాంటి ప్రయాణానికి ముందూ వెనకా అవి తీరంలో తిని కొవ్వు పోగేసుకుంటాయి. ఒడ్డున గుంపుగా ఒంటికాలి మీద నిలబడ్డ పక్షులు ఊరికే నిలబడలేదు, ఒంట్లో శక్తి దాచుకుంటున్నాయి. కుక్క సరదాకు తరిమినప్పుడల్లా ఆ దాచుకున్నది కరుగుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే ఇంకో సమస్య. ఆలివ్ రిడ్లే ఒక గుంటలో వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్లిపోతుంది. కుక్క ముక్కుకు ఆ గుంట దొరకడం ఎంతసేపు?

వెళ్లే ముందు ఏ నెలల్లో ఏ మేర మూసి ఉంటుందో అటవీ శాఖ లేదా పార్క్ వాళ్ల దగ్గర కనుక్కోండి. తాళ్లు కట్టిన మేర దాటొద్దు.

పరుగు
గూళ్ల విషయం ఒప్పుకుంటాను. ఆ నెలల్లో విప్పను. మిగతా నెలల్లో మాత్రం కుక్కకు స్వేచ్ఛ ఉండాలన్న మాట మీదే ఉన్నాను.

కొండగాలి
ఇద్దరి మాటకూ సరిపడే దారి ఉంది. పది మీటర్ల శిక్షణ తాడు. హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ, దాని వీపు కొక్కేనికి తగిలించాలి, మెడ పట్టీకి తగిలిస్తే తాడు చివర ఝటకా మెడ మీద పడుతుంది. వెడల్పు తీరంలో, పక్షులు లేని మేర, ఈ తాడుతో అది కావలసినంత తిరుగుతుంది. కొండ అంచు దగ్గరికి రాగానే చుట్టేసి పొట్టి లీష్‌కు మారండి. దానంతటదే చుట్టుకునే సన్నతాడు లీష్ మాత్రం కొండదారికి వద్దు. బ్రేక్ వేసేలోపే కుక్క అంచుకు చేరుతుంది, మన కాలికి చుట్టుకుంటే చర్మం కోస్తుంది.

ఇంకో మాట. తీరం కొండల మీద ఆవులు మేస్తుంటాయి. దూడలున్న మందయితే చుట్టు తిరిగి వెళ్లండి. ఆవులు తరుముకొస్తే లీష్ వదిలేయండి. వాటి కోపం కుక్క మీద, కుక్క వాటికన్నా వేగంగా తప్పుకుంటుంది. గుప్పెట్లో పట్టుకుని నిలబడితే ఇద్దరికీ ప్రమాదమే.

మలం సంచిలో తీసుకుని వెనక్కి తెచ్చుకోవాలి. ఇసుకలో పాతిపెడితే నులిపురుగుల గుడ్లు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి, రేపు అక్కడ ఆడుకునేది పిల్లలు. సంచి కట్టి పొదకు తగిలించి ‘వచ్చేటప్పుడు తీసుకుంటాం’ అనేవాళ్లను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

అమ్ములు
మాది పగ్, ఎనిమిదేళ్లది. ఈ దారులు మాకు కుదురుతాయా డాక్టర్ గారూ?

మూగనేస్తం
అమ్ములు గారూ, చప్పిడి ముక్కు కుక్కలకు గాలి దారే ఇరుకు, రొప్పి చల్లబడే శక్తి మొదటి నుంచీ తక్కువ. చల్లటి నెలల్లో, తెల్లవారుజామున, చదునుగా ఉన్న చిన్న దారి అయితే పరవాలేదు. కొండ ఎక్కడం వద్దు. గురక శబ్దం పెరిగితే అక్కడితో ఆపేయాలి. లోతు నీళ్లలోకి లైఫ్ జాకెట్ లేకుండా దింపొద్దు, పగ్‌లకు ఈత కష్టం. కుక్కపిల్లల గురించి కూడా అడుగుతుంటారు: పెద్ద జాతుల్లో ఎముకలు ముదరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా పొడవైన ఎక్కుడు దిగుడు దారులు పెట్టుకోవద్దు.

సాగరిక గారికి ఇంకొకటి. లాబ్రడార్లు చల్లటి నీళ్లలో బాగా ఈదాక ఒక్కోసారి మర్నాడు తోక విరిగినట్టు వేలాడేస్తాయి. ముట్టుకుంటే అరుస్తాయి. తోక కండరాలు అలసిపోవడం అది, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అయినా ఒకసారి చూపించండి, నొప్పికి మందు ఇస్తారు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు.

ఇసుకదిబ్బ
ఒడ్డుకు కొట్టుకొచ్చేవాటి గురించి ఎవరూ రాయలేదు. చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుంది. మూతికో పాదానికో తగిలితే ఆ తీగలను పుల్లతో తీసి సముద్రపు నీటితోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే మంట పెరగొచ్చు. 2009లో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ వైపు బీచుల్లో కుక్కలు చచ్చిపోతే, ఒడ్డుకొచ్చిన సముద్రపు నత్తల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం బయటపడింది. పఫర్ చేపలో ఉండే విషమే. అందుకే ‘వదిలేయ్’ అనగానే నోట్లోది వదిలేయడం ఇంట్లోనే నేర్పి తీసుకెళ్లండి. తీరం దారికి అంతకన్నా పనికొచ్చే మాట లేదు.

చేపలు పట్టేవాళ్లు కూర్చునే రాళ్ల దగ్గర గాలాలు పడి ఉంటాయి, ఎర వాసనకు కుక్కలు మింగేస్తాయి. నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగొద్దు, పొట్టిగా కోయొద్దు. అలాగే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. లాగితే గాలం లోపల ఇంకా దిగబడుతుంది.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో ఒళ్లంతా కడిగి చెవులు, వేళ్ల సందులు పొడిగా తుడవండి. ఉప్పు ఆరితే దురద, నాకితే మళ్లీ ఆ ఉప్పు కడుపులోకే. గడ్డి దారిలో వెళ్లినరోజు వేళ్ల మధ్య ముల్లుగింజలు, చెవుల వెనక గోమార్లు వెతకండి.

సాగరిక
అందరికీ ధన్యవాదాలండీ. మూడు కిలోమీటర్ల చిన్న దారి చూశాను. గట్టి మట్టి నేల, మధ్యలో రోడ్డుకు పక్కదారి, చివర ఇసుక తీరం. శాటిలైట్‌లో సగం దాకా చెట్లున్నాయి. వచ్చే అష్టమి నాడు పొద్దున ఆరింటికి పోటు, కాబట్టి ఆరున్నరకు బయల్దేరుదామని. ఒక్క సందేహం: నీళ్లలో ఆడేటప్పుడు హార్నెస్, తాడు ఉంచాలా, తీసేయాలా?

పోటుగడియ
ఆరున్నర మంచి వేళ. తొమ్మిదికల్లా వెనక్కి తిరిగి ఉండండి, అప్పటికి ఎండ కూడా ముదురుతుంది. హార్నెస్ ఉంచండి, వీపు మీద చేతిపట్టు ఉన్నది అయితే మంచిది, అల దగ్గర పట్టి లాగడానికి అదే ఆధారం. పది మీటర్ల తాడు మాత్రం రాళ్లున్న చోట నీళ్లలో వద్దు, సందుల్లో ఇరుక్కుని కుక్కను అడుక్కి లాగుతుంది. రాళ్లు లేని ఇసుక తీరమైతే ఉంచి చివర మీ చేతిలో పట్టుకోండి. మోకాలి లోతు దాటనివ్వకండి, మొదటిసారి కదా.

మూగనేస్తం
హార్నెస్ తడిసి ఇసుక పడితే చంకల కింద ఒరుసుకుంటుంది. తిరుగు నడక మొదలుపెట్టే ముందు ఒకసారి విప్పి, ఇసుక దులిపి, మంచినీళ్లతో ఆ చోటు కడిగి మళ్లీ తొడగండి.